ఓక్లహోమాలో వెస్టర్న్ హెరిటేజ్ మ్యూజియం, బైసన్ రాంచ్: రెండూ కలిపి చూడండి

గోదారి గట్టు (డాలస్)

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలని ఇక్కడ తరచూ అడుగుతుంటారు. పశువుల మధ్య, పొలాల మధ్య పెరిగిన పెద్దవాళ్ళయితే నేనొకటి చెప్తాను. ఓక్లహోమా సిటీలో నేషనల్ కౌబాయ్ అండ్ వెస్టర్న్ హెరిటేజ్ మ్యూజియం చూడండి. అక్కణ్ణించి ఉత్తరంగా ఓసేజ్ కౌంటీకి వెళ్ళి బైసన్ (మూపురమున్న అమెరికా అడవి దున్న) మేసే గడ్డి భూములు చూడండి. మాకు పరిచయస్తుల ద్వారా ఒక ప్రైవేటు బైసన్ రాంచ్ (మందల్ని మేపి పెంచే పెద్ద పొలం) లోపలికి వెళ్ళే వీలు కూడా దొరికింది. ఒక కుటుంబం నడుపుకునే రాంచ్ కాబట్టి పేరు రాయడం లేదు.

ఓక్లహోమా సిటీ డాలస్ నుంచి ఐ-35 హైవే మీద మూడు గంటలు. మ్యూజియం 1955లో పెట్టి, 1965లో జనానికి తెరిచారు. అడుగు పెట్టగానే ఎదురుగా పద్దెనిమిది అడుగుల విగ్రహం ఉంటుంది. తల వాల్చేసిన గుర్రం, దాని మీద కుంగిపోయి కూర్చున్న ఆదివాసీ యోధుడు, కిందికి జారిన బల్లెం. పేరు 'ఎండ్ ఆఫ్ ద ట్రైల్'. చెక్కినవాడు జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్. 1915లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శన కోసం ప్లాస్టర్‌తో చేశాడు. ప్రదర్శన అయిపోయాక దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. కాలిఫోర్నియాలో విసేలియా ఊరి పార్కులో ఎండకీ వానకీ ఏళ్ళ తరబడి పాడైంది. 1968లో ఈ మ్యూజియం వాళ్ళు తెచ్చుకుని బాగు చేయించారు.

1913లో వచ్చిన బఫెలో నికెల్ నాణెం గీసింది కూడా ఈ ఫ్రేజరే. ఒక వైపు ఆదివాసీ ముఖం, రెండో వైపు బైసన్. ఏ ప్రభుత్వం హయాంలో ఈ మనుషుల్ని నేలల నుంచి తరిమారో, ఈ జంతువును తుడిచిపెట్టారో, ఆ ప్రభుత్వమే ఇద్దరినీ అయిదు సెంట్ల బిళ్ళ మీద ముద్రించుకుంది. నేనీ పోస్టు రాయడానికి కారణం ఇదే. మ్యూజియం ఒక్కటే చూసి వచ్చేస్తే ఇదంతా ముగిసిపోయిన కథ అనిపిస్తుంది. విగ్రహం పేరు కూడా అదే చెబుతుంది. రాంచ్‌కి వెళ్తే కథ ఇంకా నడుస్తోందని తెలుస్తుంది.

మంజీర (ఆస్టిన్)

అన్నా, బాగా రాసినవ్. మాకు ఎనిమిదేళ్ళు, అయిదేళ్ళ పిల్లలున్నరు. మ్యూజియంలో పిల్లలు విసుగు పడకుండ ఉండేందుకు ఏమన్న ఉందా? మా అత్తమ్మ కూడా వస్తది, మోకాళ్ళ నొప్పులు. ఎంత నడవాలి?

గోదారి గట్టు (డాలస్)

మంజీర గారూ, పిల్లలకి 'ప్రాస్పెరిటీ జంక్షన్' అని లోపలే ఒక పాత ఊరు కట్టారు. సాయంత్రం మసక వెలుతురులో వీధి, దుకాణాలు, చర్చి. లోపలికి తొంగి చూస్తూ తిరగొచ్చు. మా వాళ్ళు అక్కణ్ణించి కదల్లేదు. బయట కూడా పిల్లలు ఆడుకునే చోటొకటి ఉంది, ఆదివాసీల ఇళ్ళు ఎలా ఉండేవో చూపించేలా కట్టారు. దాని పేరు చికసా అనే ఆదివాసీ తెగ భాషలోది. అత్తమ్మ గారికి నడక మాత్రం ఎక్కువే. గ్యాలరీకి గ్యాలరీకి మధ్య కూర్చోబెట్టి నెమ్మదిగా తిప్పండి. అన్నీ చూడాలని పట్టు పట్టకండి.

నాన్న ఎక్కువసేపు నిలబడింది ముళ్ళతీగల దగ్గర. ఎన్ని రకాలు! రెండు ముళ్ళవి, నాలుగు ముళ్ళవి, చిన్న రేకు ముక్కలు గుచ్చినవి. గ్లిడెన్ అనే ఇల్లినాయ్ రైతు 1874లో పేటెంటు తీసుకున్నది చివరికి నిలబడింది. ఆ తీగ వచ్చాక కొన్నేళ్ళలోనే మైదానాలు చాలావరకు కంచెల పాలయ్యాయి. టెక్సస్ నుంచి ఓక్లహోమా మీదుగా కాన్సస్ రైలు స్టేషన్ల దాకా మందల్ని తోలుకెళ్ళే రోజులు దాంతోపాటే ముగిశాయి. సినిమాల్లో కౌబాయ్‌ల కాలం ఎంతో పొడుగ్గా కనిపిస్తుంది గానీ నిజానికి ఆ పెద్ద తోలకాలు సాగింది ఇంచుమించు ఇరవై ఏళ్ళు.

తుంగభద్ర (కర్నూలు)

నేను అమెరికా రాలేదు, వచ్చే ఆలోచనా లేదు. కానీ ఈ చరిత్ర మీద ఇష్టంతో చాలా చదివాను కాబట్టి ఒకటి కలుపుతాను. బైసన్ పోయింది తుపాకుల వల్ల అనుకుంటాం. తుపాకీ ఒక్కటే కాదు. 1871 ప్రాంతంలో బైసన్ తోలును గట్టి పారిశ్రామిక తోలుగా మార్చే పద్ధతి దొరికింది. తూర్పు తీరంలోనూ యూరప్‌లోనూ ఫ్యాక్టరీల్లో యంత్రాలు తిప్పే బెల్టులకు అది బ్రహ్మాండంగా పనికొచ్చింది. మరుసటేడు కాన్సస్‌లోని డాడ్జ్ సిటీకి రైలు చేరింది. ఇక చూడండి. ఒక్కో వేటగాడు రోజుకు పదుల సంఖ్యలో కాల్చి, తోలు ఒలుచుకుని, మాంసం అక్కడే వదిలేసి పోయేవాడు. 1870లు ముగిసేసరికి దక్షిణ మైదానాల మంద దాదాపు ఖాళీ. ఉత్తరాన 1883కల్లా అదే గతి. ఒకప్పుడు మూడు కోట్లు, అంతకు మించి కూడా అని లెక్కలు వేసే జంతువు చివరికి వెయ్యి లోపుకు వచ్చింది.

తర్వాత ఎముకల వంతు. మైదానంలో తెల్లగా ఎండిపోయిన ఎముకలు ఏరి, బండ్లకెత్తి, రైలెక్కించారు. ఎరువుకు కొంత, చక్కెర శుద్ధి చేసే బొగ్గుకు కొంత. కొత్తగా వచ్చి స్థిరపడ్డ రైతులకు మొదటి పంట చేతికొచ్చేలోపు ఆ ఎముకల డబ్బే ఆసరా అయింది.

సైన్యంలో పెద్దలు కొందరు దీన్ని చూసి సంతోషించారు. బైసన్ లేకపోతే ఆదివాసీలు ప్రభుత్వం తమకు కేటాయించిన రిజర్వేషన్ భూములకు రాక తప్పదని వాళ్ళకు బాగా తెలుసు. తిండి, గుడారం, దుప్పటి, పనిముట్టు, పూజ అన్నీ ఆ జంతువు నుంచే.

నల్లరేగడి (గుంటూరు, ప్రస్తుతం టల్సా)

నేను ఉండేది ఆ గడ్డి భూములకు గంటన్నర దూరంలో. గోదారి గట్టు గారు వెళ్ళింది టాల్‌గ్రాస్ ప్రెయిరీ ప్రిజర్వ్ అనుకుంటాను, పాహస్కా ఊరికి పైన. నేచర్ కన్జర్వెన్సీ సంస్థ 1989లో ఒక పెద్ద పశువుల రాంచ్‌ను కొని మొదలుపెట్టింది. 1993లో 300 బైసన్ వదిలారు. ఇప్పుడు రెండు వేలకు పైనే ఉంటాయి. భూమి దాదాపు నలభై వేల ఎకరాలు.

పేరు ప్రిజర్వ్ అయినా నడిపే తీరు రాంచ్ లాంటిదే. శరదృతువులో మందను కూడగట్టి కొట్టాల్లోకి తోలతారు, టీకాలు వేస్తారు, తూకం చూస్తారు, ఎక్కువైన వాటిని అమ్ముతారు. మేత ఎంతుంటే మంద అంతే ఉండాలి. ఈ లెక్క మన రైతులకు వేరే చెప్పక్కర్లేదు.

నన్ను కట్టిపడేసింది మాత్రం నిప్పు. ఏటా భూమిలో మూడో వంతు దాకా వాళ్ళే తగలబెడతారు, కొన్ని మడులు వసంతంలో, కొన్ని వేసవి చివర. కాలిన చోట వారాల్లో లేత గడ్డి లేస్తుంది. బైసన్ వెతుక్కుంటూ అక్కడికే చేరతాయి. మిగతా మడుల్లో గడ్డి పెరిగి పక్షులకు గూడవుతుంది. మరుసటేడు వేరే మడి కాలుస్తారు, మంద అటు జరుగుతుంది. కంచె లేకుండానే మేపు మారిపోతోంది! మా తాతలు బీళ్ళలో మేపు మార్చడానికి పశువుల కాపరిని పెట్టుకునేవాళ్ళు. ఇక్కడ ఆ పని నిప్పు చేస్తుంది. ఇది కొత్తగా కనిపెట్టిందీ కాదు, ఆదివాసీలు వందల ఏళ్ళుగా చేసిందే.

ఈ పొడుగు గడ్డి మైదానం ఒకప్పుడు కెనడా నుంచి టెక్సస్ దాకా ఉండేది. నాలుగు శాతం కూడా మిగల్లేదు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం మొక్కజొన్న, సోయా. ఈ ముక్క ఎందుకు మిగిలిందంటే పైన జానెడు మట్టి, కింద సున్నపురాయి. నాగలి దిగదు. నాగలి దిగని నేల పనికిరాదని మనం అంటాం. ఇక్కడ దానివల్లే గడ్డి బతికింది.

పశువైద్యం (ఒంగోలు)

రిటైరైన పశువైద్యుణ్ణి. ఈ చర్చ చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. ముందొక విషయం. బైసన్ మూపురం, మన ఒంగోలు గిత్త మూపురం చూడ్డానికి ఒకే రకంగా ఉన్నా లోపల వేరు. ఒంగోలు జాతికి అది కండ, కొవ్వు. బైసన్‌కు వెన్నుపూసల మీది ఎముకలే పొడుగ్గా పైకి లేచి ఉంటాయి, వాటికి మెడ కండరాలు పట్టుకుని ఉంటాయి. అంత బరువైన తలను అటూ ఇటూ ఊపుతూ మంచును పక్కకు తోసి కింద గడ్డి తినడానికి ఆ కండరాలే ఆధారం. వాటి దట్టమైన బొచ్చు ఎక్కువగా ముందు భాగంలోనే. తుఫాను వస్తే ఆవులు గాలికి వీపు తిప్పుతాయి, బైసన్ గాలికి ఎదురుగా తల పెడుతుందని చెబుతారు.

మన జాతికీ ఆ దేశానికీ సంబంధం ఉంది, తెలిసినవాళ్ళు తక్కువ. టెక్సస్‌లో కనిపించే అమెరికన్ బ్రాహ్మన్ ఆవుల్లో మన నెల్లూరు, అంటే ఒంగోలు రక్తం ఉంది. గుజరాత్ జాతులతో, కృష్ణా లోయ జాతితో కలిపి తయారు చేశారు. డాలస్‌లో ఉన్నవాళ్ళు రోడ్డు పక్కన మూపురమున్న తెల్లావు కనపడితే ఆగి పిల్లలకు చూపించండి.

గోదారి గట్టు గారూ, ఆ ప్రైవేటు రాంచ్‌లో పశువుల్ని ఎలా పట్టి బంధిస్తారో చూశారా? నాకు తెలుసుకోవాలని ఉంది. పక్కన గొర్రెలు పెంచుతున్నారా అని కూడా అడిగారా?

గోదారి గట్టు (డాలస్)

డాక్టరు గారూ, నమస్కారం. గొర్రెల సంగతి నేను అడగలేదు గానీ రాంచ్ ఆయనే చెప్పాడు. గొర్రెల నుంచి వచ్చే ఒక వైరస్ జ్వరం బైసన్‌కు ప్రాణాంతకమట. గొర్రెకు ఏమీ కాదు, పక్కనున్న బైసన్ పడిపోతుంది. అందుకే చుట్టుపక్కల ఎవరైనా గొర్రెలు తెస్తున్నారంటే ఆయనకు టెన్షన్.

కొట్టం మొత్తం తిరిగి చూశాం. గోడలు ఏడడుగులు దాటి ఉన్నాయి, పలకలు సందు లేకుండా బిగించారు. అవతల ఏముందో కనపడకపోతేనే జంతువు నిమ్మళంగా ఉంటుందట. సందులో వెలుతురు కనిపిస్తే అటు దూకడానికి చూస్తుంది. చివర బోను, దానికి ముందు తలుపు కాక ఇంకో అడ్డ తలుపు. ఎందుకని అడిగితే, ఆవు బోనులో తల పెట్టి ఆగుతుంది, బైసన్ ఆగకుండా దూసుకుపోతుంది, ఆ వేగం ఆపడానికి ఇది అన్నాడు. అరవకూడదు, కుక్కల్ని వదలకూడదు, ఒంటరిగా ఒకదాన్ని విడదీయకూడదు. ఒంటరైతే దానికి భయం పుట్టి ఒళ్ళు తెలియకుండా పరిగెడుతుంది. ఏడాదికి ఒక్కసారి మాత్రమే ఇలా కొట్టంలోకి తెస్తారు. మిగతా రోజులు వాటి జోలికి వెళ్ళరు.

మగది 900 కిలోల దాకా ఉంటుంది, గంటకు యాభై అయిదు కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. నేను పికప్ ట్రక్కులో వెనక నిలబడి ఉంటే, దాణా ఉండలు చల్లే శబ్దానికి మంద మొత్తం మా వైపు నడిచి వచ్చింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గుండెకాయ దగ్గర వినపడే లోతైన గొంతుతో గురగురమంటూ వచ్చాయి. లేగ దూడలకు ఇంకా ఎర్రటి రంగు పోలేదు. పుట్టినప్పుడు అవి నారింజ ఎరుపులో ఉండి కొన్ని నెలలకు గోధుమ రంగుకు తిరుగుతాయి.

సాత్విక భోజనం (హైదరాబాద్)

అందరూ చక్కగా రాస్తున్నారు, కానీ ఎవరూ చెప్పని మాట నేను అడగాల్సి వస్తోంది. ఆ రాంచ్ బైసన్‌లను పెంచేది మాంసానికే కదా? పెద్దవాళ్ళను, అందులోనూ గోవును పూజించే ఇళ్ళ నుంచి వచ్చిన వాళ్ళను అక్కడికి తీసుకెళ్ళడం నాకు మింగుడు పడటం లేదు. దూడల్ని చూసి మురిసిపోయి, తర్వాత వాటికి ఏమవుతుందో చెప్పకపోవడం సరైనదేనా?

గోదారి గట్టు (డాలస్)

మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. నేను బయలుదేరే ముందే అమ్మానాన్నలకు చెప్పాను. ఇది మాంసం కోసం పెంచే చోటు, రెండేళ్ళు, రెండున్నరేళ్ళ వయసు మగవాటిని అమ్మేస్తారు, ఆడవాటిని ఇరవై ఏళ్ళ దాకా కూడా ఉంచుకుంటారు అని. అమ్మ కాసేపు ఆలోచించి, చూడ్డానికి వస్తాను గానీ అక్కడ తిండి ఏమీ ముట్టను అంది. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళాం. రాంచ్ ఆయన కూడా ఏమీ దాచలేదు. మా అమ్మ అడిగిన ప్రతి ప్రశ్నకూ నేరుగా జవాబిచ్చాడు. ఇక్కడి కొన్ని రాంచ్‌లలో లారీ ఎక్కించి దూరం పంపకుండా, అది మేస్తున్న చోటే ఒక్క గుండుతో ముగిస్తారట. ఆయన రాంచ్‌లోనూ అదే పద్ధతి. భయపడే సమయం కూడా ఉండదన్నాడు. అమ్మ దానికి ఒప్పుకోలేదు, వాదించనూ లేదు.

చెప్పకుండా తీసుకెళ్ళడం మాత్రం తప్పే. అందులో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను.

నల్లరేగడి (గుంటూరు, ప్రస్తుతం టల్సా)

సాత్విక భోజనం గారూ, మీ బాధ నాకర్థమైంది. కానీ మా ఊళ్ళో దుక్కిటెద్దు ముసలిదైతే సంతకు తోలేవాళ్ళు. కొన్నవాడు ఎక్కడికి తీసుకెళ్తాడో అందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనేవాళ్ళు కాదు. పొద్దున బొట్టు పెట్టి దణ్ణం పెట్టి మరీ పంపేది మా నాయనమ్మ. ఆ రోజు ఇంట్లో వండేది కాదు. ఇక్కడ రాంచ్ వాళ్ళు ఆ మాట నోటితో అంటారు, తేడా అంతే.

ఇంకో సంగతి కూడా చూడాలి. ఈ దేశంలో ఏడాది మొత్తం మీద కోసే బైసన్లు వేలల్లో ఉంటాయి. ఆవుల లెక్క పనిదినానికి లక్ష దాటుతుంది. బైసన్‌కు గిరాకీ ఉండబట్టే ఆ గడ్డి భూముల్ని దున్నకుండా వదిలేసిన రైతులున్నారు.

సాత్విక భోజనం (హైదరాబాద్)

మీ నాయనమ్మ సంగతి చదివి కొంచెం ఆగిపోయాను. నా అభిప్రాయం మారలేదు. మార్కెట్ లేకపోతే జంతువుకు బతుకు లేదన్న మాట నాకెప్పుడూ కష్టంగానే ఉంటుంది. అయితే ముందే చెప్పి, ఇష్టమైనవాళ్ళనే తీసుకెళ్ళడం అన్నది బాగుంది. వేటగాళ్ళ నుంచి వీటిని కాపాడింది ఎవరు? అదైనా చెప్పండి, మనసు కుదుటపడుతుంది.

తుంగభద్ర (కర్నూలు)

ఒకరు కాదు, వేర్వేరు చోట్ల అయిదారుగురు. మొంటానాలో వాకింగ్ కయోటీ అనే ఆదివాసీ కొన్ని దూడల్ని కొండల అవతలికి తోలుకొచ్చి పెంచాడు. పాబ్లో, అల్లార్డ్ అనే ఇద్దరు వాటిని కొని పెద్ద మంద చేశారు. సౌత్ డకోటాలో ఒక మంద, కెనడాలో ఒకటి, కాన్సస్‌లో ఒకటి. టెక్సస్‌లో మేరీ ఆన్ గుడ్‌నైట్. ఆమె భర్త చార్లెస్ గుడ్‌నైట్ పేరున్న పశువుల వ్యాపారి. 1878లో వేటగాళ్ళు వదిలేసి పోయిన దూడలు రాత్రిళ్ళు అరుస్తుంటే ఆమె తట్టుకోలేక భర్తను పంపి తెప్పించి పెంచిందని చెబుతారు. ఆ మంద వారసులు ఈ రోజుకీ టెక్సస్‌లో కేప్‌రాక్ కేన్యన్స్ స్టేట్ పార్కులో ఉన్నాయి. సాత్విక భోజనం గారూ, మీకు నచ్చే మనిషి ఆవిడే అనుకుంటాను.

ఇప్పుడున్న బైసన్లలో దాదాపు అన్నీ ఆ కొద్దిపాటి జంతువుల సంతానమే. అప్పట్లో కొందరు ఆవుతో కలిపి సంకరం కూడా చేశారు, గుడ్‌నైట్ కూడా. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2022లో ప్రకటించిన పరిశోధనలో వాళ్ళు పరీక్షించిన మందలన్నిట్లో ఎంతో కొంత ఆవు జన్యువు కనపడింది.

రూట్ 66 (ఓక్లహోమా సిటీ)

ఈ ఊళ్ళో చాలా కాలంగా ఉంటున్నాను. మ్యూజియం గురించి ఒక మాట చెప్పి తీరాలి. గోదారి గట్టు గారు విగ్రహం గురించి రాసింది నాకు బాగా నచ్చింది. అయితే అక్కడ చూసి వచ్చినవాళ్ళు ఊరికి దక్షిణాన, నది పక్కనున్న ఫస్ట్ అమెరికన్స్ మ్యూజియం చూడకపోతే సగమే చూసినట్టు. 2021 సెప్టెంబర్‌లో తెరిచారు. ఓక్లహోమాలో ఉన్న 39 తెగలు తమ కథ తామే చెప్పుకునే చోటు. వాళ్ళలో చాలామంది ఇక్కడివాళ్ళు కాదు. 1830ల నుంచి ఎక్కడెక్కడి నుంచో బలవంతంగా నడిపించి తీసుకొచ్చి పడేశారు. ఈ నేల మీదేనని రాసిచ్చారు. 1889 ఏప్రిల్ 22న తుపాకీ పేల్చి, ఎవరు ముందు పరిగెత్తి గుర్తు పెట్టుకుంటే వాళ్ళదే భూమి అన్నారు.

కౌబాయ్ మ్యూజియంలో కూడా అంతా ఒక వైపే ఉందని అనను. బిల్ పికెట్ అనే నల్లజాతి కౌబాయ్ గురించి తప్పకుండా చూడండి. పరిగెత్తే గిత్త మీదికి గుర్రం నుంచి దూకి కొమ్ములు పట్టి పడేసే ఆటను రోడియోలోకి, అంటే కౌబాయ్‌ల పోటీల్లోకి తెచ్చినవాడు. 1971లో అక్కడి రోడియో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, నల్లజాతి వాళ్ళలో ఆయనే మొదటివాడు. కౌబాయ్‌లలో నల్లవాళ్ళు, మెక్సికన్లు ఎంతమంది ఉండేవారో సినిమాలు చూసి పెరిగిన మనకు తెలియదు. తాడు విసరడం, జీను, గుర్రం మీద పశువుల్ని తోలడం అన్నీ మెక్సికో వైపు నుంచి వచ్చినవే.

ఓసేజ్ వాళ్ళ గురించి కూడా. నల్లరేగడి గారు చెప్పిన ప్రిజర్వ్‌లో బైసన్ల మధ్య చమురు పంపులు తల ఊపుతూ కనిపిస్తాయి. భూమి పైన ఎవరిదైనా, కింద ఖనిజాల హక్కు ఓసేజ్ తెగదే, 1906 చట్టం ప్రకారం. 2016లో టెడ్ టర్నర్ అనే మీడియా వ్యాపారి దగ్గర 43,000 ఎకరాల బ్లూస్టెమ్ రాంచ్‌ను కూడా వాళ్ళు తిరిగి కొనుక్కున్నారు. అక్కడ ఇప్పుడు వాళ్ళ సొంత బైసన్ మంద ఉంది. ఒకప్పుడు తమదైన నేలను డబ్బిచ్చి కొనుక్కోవాల్సి రావడం గురించి నాకు కోపం ఉంది, కానీ ఆ మందను చూస్తే సంతోషం కూడా ఉంది.

పాహస్కాలో ఓసేజ్ నేషన్ మ్యూజియం చిన్నదే. 1938 నుంచి నడుస్తోంది. తెగలు తామే నడిపే మ్యూజియాల్లో దేశంలోనే పాతది. వెళ్ళేటప్పుడో వచ్చేటప్పుడో ఒక గంట ఆగండి.

పశువైద్యం (ఒంగోలు)

రూట్ 66 గారూ, ధన్యవాదాలు. ఇది చదివాక నాకు ఒకటి అడగాలనిపిస్తోంది. విచిటా మౌంటెన్స్ దగ్గర ప్రభుత్వ మంద ఒకటుందని చదివాను. అది కూడా ఓక్లహోమాలోనే కదా?

రూట్ 66 (ఓక్లహోమా సిటీ)

అవును డాక్టరు గారూ, లాటన్ ఊరి పక్కన. దాని కథ వేరు. 1907 అక్టోబర్‌లో న్యూయార్క్ బ్రాంక్స్ జూ నుంచి 15 బైసన్లను పెట్టెల్లో పెట్టి రైలెక్కించి పంపారు. జూ డైరెక్టర్ విలియం హార్నడే, ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ 1905లో అమెరికన్ బైసన్ సొసైటీ పెట్టినప్పటి ప్రయత్నం అది. కాష్ అనే చిన్న స్టేషన్‌లో దించారు. కమాంచీ నాయకుడు క్వానా పార్కర్, ఆయనతోపాటు ఆ తెగ పెద్దలు, పిల్లలు చూడ్డానికి వచ్చారు. పెద్దవాళ్ళు ఏళ్ళ తర్వాత చూస్తున్నారు, పిల్లలైతే పుట్టి బుద్ధెరిగాక చూడటం అదే మొదటిసారి. తర్వాతి నెల 16న ఓక్లహోమా రాష్ట్రమైంది.

అక్కడి మౌంట్ స్కాట్ కొండ గురించి కయోవా వాళ్ళకు ఒక కథ ఉంది. ఇక తమ పోరాటం అయిపోయిందని తెలిసిన బైసన్ మంద ఒక తెల్లవారుజామున ఆ కొండ తెరుచుకుంటే లోపలికి నడిచి వెళ్ళిపోయిందట. లోపల అంతా పచ్చగా, నదులు శుభ్రంగా ఉన్నాయట. 1907లో రైల్లో వచ్చిన మంద ఆ కొండ కిందే మేస్తోంది. ఇప్పుడు కొన్ని వందలు. అక్కడ కూడా ఏటా శరదృతువులో కూడగట్టి, ఎక్కువైనవి ఇచ్చేస్తారు లేదా వేలం వేస్తారు.

మంజీర (ఆస్టిన్)

ఇంత చదివినంక మా ఇంటాయన కూడా పోదామంటుండు. అయితే అత్తమ్మతోని, పిల్లలతోని, ఒక వీకెండ్‌ల అన్నీ కావు. విచిటా మేలా, పాహస్కా మేలా? ఏ నెలల పోవాలె? బైసన్ దగ్గరికి వస్తే ఏం చెయ్యాలె? పిల్లలు ఊకుండరు.

నల్లరేగడి (గుంటూరు, ప్రస్తుతం టల్సా)

దూడల్ని చూడాలంటే మే నెల. కానీ ఓక్లహోమాలో మే అంటే టోర్నడోల కాలం, రోజూ వాతావరణం చూసుకుని బయల్దేరండి. గడ్డిని చూడాలంటే సెప్టెంబర్ చివర, అక్టోబర్. మనిషి మునిగేంత పెరిగి రాగి రంగుకు తిరుగుతుంది, గాలికి ఊగుతుంటే చూసి తీరాలి. జూలై, ఆగస్టులో మగవి జతకట్టే కాలం, కోపం మీద ఉంటాయి, వేడి కూడా ఎక్కువ. వేసవిలో గడ్డిలోకి దిగితే పిడుదులు పట్టుకుంటాయి. పిల్లలకు పొడుగు ప్యాంట్లు, సాక్సులు వేయండి, రాత్రి ఒళ్ళంతా చూడండి.

ప్రిజర్వ్ లోపల దారి కంకర రోడ్డు, పెట్రోల్ దొరకదు, ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు. పాహస్కాలోనే ట్యాంకు నింపుకోండి, మ్యాపు ముందే దించుకోండి.

గోదారి గట్టు (డాలస్)

బైసన్ కారు దగ్గరికి వస్తే ఇంజిన్ ఆపి లోపలే కూర్చోండి, అద్దాలు ఎత్తేయండి. హారన్ కొట్టొద్దు. తోక కిందికి వేలాడుతూ ఊగుతుంటే అది నిమ్మళంగా ఉన్నట్టు. తోక నిటారుగా లేచిందంటే మీరు వెళ్ళిపోవాలి. మేస్తూ తల ఎత్తకపోతే మనల్ని పట్టించుకోలేదని జనం దగ్గరికి వెళ్తారు, గాయపడేది వాళ్ళే. ఫొటో కోసం పిల్లల్ని కారు దించడం అసలు వద్దు.

రూట్ 66 (ఓక్లహోమా సిటీ)

మంజీర గారూ, మీ ఇంటి పరిస్థితికి విచిటానే తీసుకోండి. ఆస్టిన్ నుంచి దగ్గర, రోడ్లు అన్నీ తారు రోడ్లు, ప్రవేశ రుసుము లేదు. మౌంట్ స్కాట్ పైదాకా కారే వెళ్తుంది కాబట్టి అత్తమ్మ గారికి మెట్లు, ఎక్కుడు ఉండవు. ఆ కొండ రోడ్డు కొన్ని రోజులు, కొన్ని వేళలు మూసేస్తారు, బయల్దేరే ముందు చూసుకోండి. పొద్దున్నే వెళ్తే బైసన్లు రోడ్డు పక్కకు వస్తాయి. పొడుగు కొమ్ముల లాంగ్‌హార్న్ ఆవులు కూడా అక్కడే ఉన్నాయి, 1927లో అవి అంతరించిపోయే స్థితిలో ఉంటే ఒక మంద తెచ్చి పెట్టారు. రాత్రికి లాటన్‌లో ఉండి, మర్నాడు ఓక్లహోమా సిటీకి గంటన్నర. పొద్దున ఫస్ట్ అమెరికన్స్ మ్యూజియం, భోజనం తర్వాత కౌబాయ్ మ్యూజియం. సాయంత్రం మూడున్నరకు బయటపడితే రాత్రికి ఆస్టిన్ చేరతారు. సోమవారం సెలవు కలిస్తే ఇంకో రాత్రి మా ఊళ్ళోనే ఉండి నిదానంగా వెళ్ళండి. మ్యూజియాల వేళలు పండగ రోజుల్లో మారతాయి, ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి.

మంజీర (ఆస్టిన్)

మస్తు థాంక్స్ అందరికీ. అక్టోబర్‌ల పిల్లలకు బడి సెలవు చూసి పెట్టుకుంటం. అత్తమ్మకు మాంసం సంగతి, కొండ కథ రెండూ ఇప్పుడే చెప్పిన. మేరీ ఆన్ గుడ్‌నైట్ పెంచిన దూడల పిల్లలు టెక్సస్‌లనే ఉన్నయంటే అది ఇంకెంత దూరం అని అడుగుతుంది. తుంగభద్ర గారూ, ఆ పార్కు గురించి వేరే థ్రెడ్ పెడితే నేను కూడా రాస్త.